ఏ పాట పాడుదము?



అరకు లోయలోని మన గాయక బృందములు సొంతముగా పాటలు కట్టునవి కావు; ఎవరో వ్రాసిన పాటలను పాడునవి. అందులో చిన్నతనమేమియు లేదు. 22వ, 45వ, 69వ కీర్తనల శీర్షికలను చూడుడి. అవి ఫలాని రాగముమీద పాడదగినవని అచ్చట వ్రాయబడియున్నది. ఆ రాగముల పేర్లు అప్పటి జనులెరిగిన పాటలవేయని పండితులనేకులు తలంచుచున్నారు. దేవాలయ గాయకులును పరిచితమైన బాణీనే ఎన్నుకొనిరన్నమాట.

చిక్కంతయు ఎన్నుకొనుటలోనే యున్నది. కీర్తనల పుస్తకములో వందలాది పాటలు. చేతిలోని ఫోనులో వేలాది పాటలు. ఒక సాయంకాలమున పాడగలిగినవి ఏడెనిమిది. 1524లో వెలువడిన మొదటి లూథరు పాటల సంకలనములో ఉన్నవి 8 మాత్రమే. కొద్దిపాటి పాటలైనను చాలును. అవి ఎవరి నోట నిలుచుననునదే ప్రశ్న.

నిరుడు క్రిస్మసుకు మా యౌవనస్థులు 8 పాటల జాబితా వ్రాసికొని వచ్చిరి. ఏడు పట్టణపు క్రొత్త పాటలు, ఒకటి పాత కీర్తన. నేను అభ్యాసమునకు పోయి కూర్చుంటిని. కీబోర్డు వాయించు అబ్బాయి ఎత్తుకొన్న శ్రుతి ఎంత హెచ్చనగా, రెండవ చరణమునకే స్త్రీలందరు మౌనము వహించిరి. మాట తగ్గించుకొని చెప్పితిని. అతడు, “అయ్యగారూ, పాతవే పాడితే మా వయసువాళ్లు గుడికి రారండీ” అనెను. ఆ మాటలో నిజము లేకపోలేదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగతాళములలో క్రైస్తవ కీర్తనలు కట్టిన దినమున అవియు క్రొత్తవే గదా!

అంతలో కొండమీది పల్లెనుండి వచ్చిన ఒక ముసలి తల్లి, తన భర్త నేర్పిన ఆదివాసీ ఒడియా పాట ఒక్కటి పాడుడని అడిగెను. ఆ సంవత్సరమే ఆమె ఎదిగిన కుమారుని పాతిపెట్టెను. ఆమెకు తెలుగు కొద్దిగా అర్థమగును. దుఃఖము మాత్రము తన భాషలోనే వచ్చును. ఆ పాటకు చోటు కావలెనన్న, వారు రెండు నెలలు సాధన చేసిన పాటయొకటి మానవలసివచ్చెను. వాదన జరిగెను. చివరకు మానిరి. డ్రమ్ములు వాయించు అబ్బాయి నొచ్చుకొని రెండు ఆదివారములు రాలేదు. ఎన్నికయన్నది ఎవరికో ఒకరికి నష్టము కలిగింపక మానదు. ఆ నష్టమును ఎవరు భరింపగలరో చూడవలెను.

మన ధింసా ఆటను గమనించితిరా? స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసికొని వలయముగా అడుగులు వేయుదురు. డప్పు, తుడుము, మోరి వాయించువారికి వేగము చేతకాక కాదు. దరువు అడుగును మించినయెడల వరుస తెగును. వాయించువాని కన్ను ఎప్పుడును పాదములమీదనే యుండును.

కావున మా బృందము ఇప్పుడు ప్రతి పాటను మూడు ప్రశ్నలు అడుగుచున్నది. రెండవ చరణమునకు సభలో ఎందరు గొంతు కలుపగలరు? దాని మాట చివరి వరుసవరకు అర్థమగునా? దుఃఖములోనున్నవాడు దానిని పాడగలడా? పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో ఆత్మతో పాటు మనస్సుతోను పాడుటను గూర్చి చెప్పినది ఇదియే. క్రొత్త పాటనొకదానిని మేము విడువము. అయితే ఆరాధనకు ముందే పంక్తి పంక్తిగా అందరికి నేర్పుదుము. నేర్పనిదే పాడిన క్రొత్త పాట వినుటకే గాని కలిసి పాడుటకు పనికిరాదు.

చదువరీ, నీ సంఘములోను ఈ వారము ఎవరో జాబితా వ్రాయుచుందురు. ఆ కాగితము నీ చేతికి వచ్చినయెడల, పాటల పేర్లకు ముందు, పాడలేక మౌనముగా కూర్చుండువారి పేర్లు వ్రాసికొనుము. పిమ్మట పాటలు ఎన్నుకొనుట అంత కష్టము కాదు.