టీవీ ముందు ఒక పెద్దమనిషి

ముసురు పట్టింది. చేన్లోకి అడుగు పెట్టే వీలు లేదు, పొయ్యి మీద సర్వప్పిండి కాలుతోంది, అదృష్టం కొద్దీ కరెంటు ఉంది. ఇలాంటి పూట ఏం చూద్దామని జనగామలో అడుగుతారు, మానుకోటలో అడుగుతారు, భూపాలపల్లి క్వార్టర్లలోనూ అడుగుతారు. నన్నడిగితే పాత బ్రిటిష్ నేర కథల సినిమాలు పెట్టుకోండంటాను, వాటితోపాటు వాళ్ల పాత డాక్యుమెంటరీలు కూడా. ఒక్క షరతు మాత్రం ఉంది. చెవుల్లో తీగలు పెట్టుకొని ఒక్కరే సెల్లులో చూడొద్దు. టీవీకి కలపండి. తెర మీద ఏ పని కనిపిస్తోందో ఆ పని చేసి వచ్చిన పెద్దమనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇంగ్లిష్ రాకపోతే ఎట్లా అంటారా? ఇంట్లో చూడటంలోని సుఖమే అది. రిమోటు మన చేతిలో ఉంది. ఆపుతాం, తెలుగులో చెబుతాం, మళ్లీ నడిపిస్తాం. ఒకప్పుడు వీసీఆర్ కిరాయికి తెచ్చి, తెల్లారేలోగా మూడు క్యాసెట్లు అవగొట్టాలని వాడకట్టంతా కళ్లు నులుముకుంటూ కూర్చున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇప్పుడా తొందర లేదు. పన్నెండు నిమిషాల సినిమాను గంటసేపు చూసినా అడిగేవాళ్లు లేరు.

పన్నెండు నిమిషాలన్నది ఊరికే అనలేదు. 1935లో బ్రిటిష్ తపాలా శాఖవారి సినిమా విభాగం ‘కోల్ ఫేస్’ అని ఒకటి తీసింది. దర్శకుడు అల్బెర్టో కావల్కాంటి, సంగీతం బెంజమిన్ బ్రిటెన్, అందులోని కవిత డబ్ల్యు.హెచ్. ఆడెన్ రాసింది. తపాలా శాఖకు బొగ్గుతో ఏం పని అనుకోవద్దు, ఆ కాలంలో అక్కడ మంచి డాక్యుమెంటరీలు చాలావరకు ఆ గూటి నుంచే ఎగిరాయి. దాన్ని భూపాలపల్లిలో మా మేనమామతో కూర్చొని చూశాను. ఆయన కాకతీయ ఖనిలో టింబర్‌మన్‌గా, అంటే రూఫుకు దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైనవాడు. తెర మీద మనుషులు వంగి వంగి సొరంగంలోకి పోతుంటే చేయి ఎత్తాడు.

“ఆపు బిడ్డా. గా దుంగను సూడు. దుంగకు, రూఫుకు నడుమ చెక్కముక్క కొడ్తం. పైనుంచి ఒత్తిడి వస్తే ముందుగాల గా చెక్కనే చప్పుడు జేస్తది. గా చప్పుడు ఇన్నోడు బయటికి ఉరుకుతడు.”

ఇనుప బోల్టులు వచ్చాక రూఫు గట్టిపడింది గాని, కర్ర చెప్పినంత ముందుగా ఇనుము చెప్పదని మామ నమ్మకం. కర్రతో రూఫును తట్టి, ఆ మోతను బట్టి పైన రాయి గట్టిగా ఉందా, పొర విడిపోయిందా అని ఎట్లా తెలుసుకుంటారో మంచం కోడు మీద కొట్టి చూపించాడు. ఆ తర్వాత వ్యాఖ్యాత గొంతు వచ్చింది: బ్రిటన్‌లో ప్రతి పనిదినం నలుగురు గని కార్మికులు చనిపోతున్నారని. నేను తెలుగులో చెప్పాను. “సర్కారు సినిమాల గా లెక్క చెప్పిండ్రా? మంచోళ్లు,” అన్నాడు మామ. నాదీ అదే మాట. ప్రభుత్వ ఖర్చుతో తీసిన సినిమాలో చావుల లెక్కను దాచకుండా చెప్పడం చిన్న ధైర్యం కాదు.

అక్కడి బొగ్గుకూ ఇక్కడి బొగ్గుకూ చుట్టరికం కూడా ఉంది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టినవాడు డాక్టర్ విలియం కింగ్. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. సింగరేణి కాలరీస్ అన్న పేరు 1920లో వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీలో ఎక్కువ వాటా కొన్నది. అంటే ‘కోల్ ఫేస్’ తీసేనాటికి మన సింగరేణి బొగ్గు కూడా లండన్ వాటాదార్ల సొమ్మే.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి నేర సినిమా ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. మైక్ హాడ్జెస్ తీసిన ‘గెట్ కార్టర్’, 1971. మైఖేల్ కెయిన్ తన అన్న చావు గుట్టు తేల్చడానికి న్యూకాసిల్ వస్తాడు. పిల్లలు నిద్రపోయాకే పెట్టండి, మొరటు సినిమా. దాని చివరి ఘట్టం డర్హం తీరంలో జరుగుతుంది. గని చెత్తను తొట్లకెత్తి, తీగల మీద తీసుకుపోయి సముద్రంలో గుమ్మరిస్తుంటారు. నీళ్లు నల్లన, ఇసుక నల్లన. ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల పక్కన కాపురముండేవాళ్లకు ఆ దృశ్యం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక మానుకోట, అదే మహబూబాబాద్. కేసముద్రం, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా రాత్రంతా రైళ్లు పోయే ఊళ్లవి. అక్కడివాళ్లు తప్పక చూడాల్సింది ‘నైట్ మెయిల్’. 1936లో హ్యారీ వాట్, బాసిల్ రైట్ తీశారు. సంగీతం, కవిత మళ్లీ బ్రిటెన్, ఆడెన్‌లవే. లండన్ నుంచి స్కాట్లండుకు రాత్రి పోయే తపాలా రైలు కథ. దారిలోని చాలా ఊళ్లలో రైలు ఆగదు. పట్టాల పక్కన స్తంభానికి వేలాడే ఉత్తరాల సంచిని, పోతున్న బోగీకి బిగించిన వల లాగేసుకుంటుంది. లోపలివాళ్లు దింపాల్సిన సంచుల్ని బయటికి చాపి పెడతారు. ఎప్పుడు చాపాలో కొత్తవాడికి పాతవాడు నేర్పుతాడు: వంతెనలు దాటేదాకా ఓపిక పట్టు, తర్వాత పట్టా అతుకుల చప్పుడు లెక్కపెట్టు. ఊపిరి బిగబట్టి చూస్తాం. హత్య లేదు, దొంగతనం లేదు, ఒక తోలు సంచి దిగుతుందా లేదా అన్నదే ఉత్కంఠ.

మానుకోటలో మా పక్కింటి సారు రైల్వే మెయిల్ సర్వీసులో (ఆర్ఎంఎస్) సార్టరుగా చేశాడు. రైల్లో నిలబడి ఉత్తరాలు గూళ్లలో వేసిన మనిషి. ఇప్పుడు అట్లాంటి బోగీలు చూద్దామన్నా దొరకడం కష్టం. ఆయన తెరకు దగ్గరగా కుర్చీ జరుపుకొని వాళ్ల చేతుల్నే చూశాడు. సార్టరు అడ్రసును కింది నుంచి పైకి చదువుతాడని, మనిషి పేరు దాకా పోనే పోడని చెప్పాడు. 1972లో పిన్‌కోడు రాకముందు ఒకే పేరున్న ఊళ్లను ఎట్లా వేరుచేసేవాళ్లో చెబుతూ పోయాడు. ఉన్నట్టుండి, “వీళ్లు నడుస్తున్న రైల్లో లేరు,” అన్నాడు. ఎట్లా తెలుసని అడిగాను. “రైలు ఊగితే మనం మోకాళ్లల్ల సర్దుకుంటం. వీళ్లు కావాలని నడుములు ఊపుతున్నరు.” నిజమే. ఆ సార్టింగ్ బోగీ లోపలి భాగాన్ని స్టూడియోలో సెట్టు వేసి తీశారు. మనుషులు మాత్రం అసలు తపాలా ఉద్యోగులే. సినిమా చరిత్ర పుస్తకాల్లో నేను చదివి తెలుసుకున్నదాన్ని ఆయన మోకాళ్లు చెప్పాయి.

జనగామవాళ్లకు ఏం చెప్పను? అక్కడ నేర సినిమాలతోనే మొదలుపెట్టాలి. డిటెక్టివ్ కథల రుచి మనకు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు ఎన్ని బస్సు ప్రయాణాల్ని నడిపించారో. ఆ రుచి ఉన్నవాళ్లు కరోల్ రీడ్ తీసిన ‘ది థర్డ్ మ్యాన్’ ముందు చూడాలి. 1949 నాటిది, గ్రాహం గ్రీన్ రచన. యుద్ధం ముగిశాక నాలుగు దేశాల సైన్యాలు పంచుకున్న వియన్నా నగరంలో నేరం ఏమిటంటే, పెన్సిలిన్‌ను పలచన చేసి ఆస్పత్రులకు అమ్మడం. ఆ మందు పడ్డ పిల్లల వార్డుకు పోలీసు అధికారి కథానాయకుణ్ని తీసుకుపోతాడు. కెమెరా పిల్లల్ని చూపించదు. చూసేవాడి ముఖం చూపిస్తుంది. ఒక నర్సు చేతిలోని ఎలుగుబంటి బొమ్మ తలకిందులుగా పెట్టెలో పడుతుంది, అంతే. నేను చూసిన నేర సినిమాలన్నింటిలో ఇంత కఠినమైన దృశ్యం మరొకటి లేదు. రక్తం చుక్క లేదు.

ఆ దృశ్యం దగ్గర ఆపి కథ చెబితే మిర్చి వేసే మా చిన్నాయన వెంటనే, “నకిలీ ఇత్తునం కథనే గదా ఇది,” అన్నాడు. అంతవరకు నాకా పోలిక తట్టలేదు. నకిలీ విత్తనం మొలవకపోతే నష్టం కొంతే. అది మొలుస్తుంది, ఏపుగా పెరుగుతుంది, ఎరువు తింటుంది, మందు తాగుతుంది. కాత దగ్గరికి వచ్చేసరికి కాయ ఉండదు. అప్పటికి అప్పు మొత్తం చేన్లో కలిసిపోయి ఉంటుంది. ప్యాకెట్టుకు బిల్లు అడిగితే లేదంటారు. సినిమాలో జెయింటు వీల్ మీది నుంచి కింద చుక్కల్లా కదిలే మనుషుల్ని చూపించి, అందులో ఒక చుక్క ఆగిపోతే నీకేం బాధ అన్నట్టు మాట్లాడే మనిషి ఒకడున్నాడు. ఎవరో చెప్పను, మీరే చూడండి. 1997-98లో ఓరుగల్లు జిల్లా పత్తి రైతుల చావులు చూసినవాళ్లకు ఆ మనిషి ముఖం తెలిసిందే అనిపిస్తుంది.

ఇంకొకటి ‘టెన్ రిలింగ్టన్ ప్లేస్’, 1971. ‘గాంధీ’ తీసిన రిచర్డ్ అటెన్‌బరోను మనం దర్శకుడిగానే ఎరుగుదుం. ఇందులో ఆయన హంతకుడు. గొంతు పెంచడు, టీ ఇస్తాడు, భయం వేస్తుంది. జరిగిన కథే. తిమోతీ ఎవాన్స్ అనే చదువురాని మనిషిని 1950లో ఉరితీశారు. మూడేళ్లకు అసలు హంతకుడు క్రిస్టీ దొరికాడు. ఎవాన్స్‌కు క్షమాభిక్ష 1966లో వచ్చింది. ఆ వీధిని కూల్చేసేముందు అక్కడే సినిమా తీశారు.

ఇది చూస్తే నాకు జనగామ గుర్తొస్తుంది. ఆ ప్రాంతపు రైతుల నాయకుడు నల్లా నర్సింహులుకు కూడా ఉరిశిక్ష పడింది, తర్వాత అది యావజ్జీవంగా మారింది. తెలంగాణ పోరాటంలో ఉరిశిక్షలు పడ్డవాళ్ల తరఫున 1951 నాటికి సుప్రీంకోర్టులో వాదించడానికి డి.ఎన్. ప్రిట్ అనే బ్రిటిష్ బారిస్టరు వచ్చాడు. హోచిమిన్ కేసు చూసినవాడు, తర్వాత కెన్యాలో జోమో కెన్యట్టా తరఫున నిలబడ్డవాడు. మన పల్లెల రైతుల ప్రాణాల కోసం అంత దూరం వచ్చిన ఆ మనిషి మీద ఒక మంచి కోర్టు సినిమా రావాలని నాకు గట్టి కోరిక.

అంతకన్నా ముందు రావాల్సింది షేక్ బందగీ సినిమా. కామారెడ్డిగూడెం రైతు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్ల మీద ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి కేసు గెలిచాడు. గెలిచినందుకే 1940 జూలై 27న చంపేశారు. హతుడున్నాడు, కారణముంది, కాగితాలున్నాయి. ఇంగ్లిష్ సినిమా అయితే ఈ పాటికి వానకోటు వేసుకున్న ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడేవాడు. ఇక్కడ ఆ ఇన్‌స్పెక్టరు దొర గడీలోనే భోంచేసేవాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యకు తూటా తగిలినప్పుడు, ఆ తూటా లెక్క అడిగింది పోలీసు కాదు, ఊళ్లు. మన నేర సినిమాకు రావాల్సిన తేడా అదే. బి. నర్సింగరావు గారి ‘దాసి’ని నేను ఆ వరసలోనే చూస్తాను. గడీ లోపల జరిగేదంతా నేరమే, నేరం అనే మాట ఎవరి నోటా రాదు. 1988 నాటి ఆ సినిమాకు అర్చన జాతీయ ఉత్తమ నటి అయింది. ‘మాభూమి’ని పండగ పూటైనా ఇంట్లో పెట్టండి. నర్సింగరావు గారే తీసిన ‘మా ఊరు’ డాక్యుమెంటరీ దొరికితే వదలొద్దు.

అమ్మమ్మలతో చూడటానికైతే ‘ది లేడీకిల్లర్స్’, 1955. దొంగల ముఠా ఒక ముసలమ్మ ఇంట్లో సంగీత బృందమని చెప్పి గది అద్దెకు తీసుకుంటుంది. అర్థం చెప్పే పనే పడదు.

డాక్యుమెంటరీల్లో పెద్దది ‘ది వరల్డ్ ఎట్ వార్’, 1973-74లో థేమ్స్ టెలివిజన్ 26 భాగాలుగా వేసింది. లారెన్స్ ఒలీవియే గొంతు. మొదటి భాగం ఫ్రాన్సులోని ఒరదూర్ అనే ఊరి మీద తెరుచుకుంటుంది. 1944 జూన్ 10న నాజీ సైనికులు ఆ ఊరిని చంపేశారు. కాలిన గోడలను, తుప్పు పట్టిన కార్లను అట్లాగే ఉంచారు. జనగామ వైపువాళ్లకు బైరాన్‌పల్లి తెలుసు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లూ నిజాం బలగాలూ కలిసి ఆ ఊరి మీద పడ్డాయి. బురుజు మీది నుంచి ఊరివాళ్లు చివరిదాకా పోరాడారు. మూడు వారాలకు నిజాం లొంగిపోయాడు. బురుజు ఇంకా ఉంది. ఒరదూర్ దృశ్యాన్ని చూశాక బైరాన్‌పల్లి బురుజు కోసం కెమెరా ఎక్కడ పెట్టాలో ఎవరికైనా తోస్తుంది. ఒరదూర్‌కు దొరికినంత నిదానమైన, ఓపికైన చిత్రీకరణ మన బైరాన్‌పల్లికీ దక్కాలి.

అందుకే పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకోమంటున్నాను. ఆయన “ఆపు” అన్నప్పుడు రిమోటుతో పాటు ఫోన్లో రికార్డు కూడా నొక్కండి. ముందుగా పేరు, ఊరు, ఏ బాయిలో (గనిలో) పని చేసిందీ, ఏ షిఫ్టు, ఏ సంవత్సరాలు అన్నవి ఆయన గొంతుతోనే చెప్పించండి. టీవీ శబ్దం పూర్తిగా తగ్గించండి, ఫ్యాను ఆపండి, లేకపోతే మాట వినబడదు. మధ్యలో సరిదిద్దొద్దు. రికార్డయినదాన్ని ఇంకొక ఫోన్లోకి కూడా ఎక్కించి పెట్టండి, ఎందుకంటే పోయేది ఎప్పుడూ ఆ ఒక్క ఫోనే.