గోదావరిఖనికి రండి



మా ఊరికి చుట్టపుచూపుగా వచ్చినవారు మొదటి పూటే అడుగుతారు: "ఇక్కడ చూడటానికి ఏమున్నదక్కా?" సముద్రతీరము లేదు, రాజుల కోటలు లేవు. అయినా చూడవలసినవి ఉన్నాయి.

కాజీపేట–బల్లార్షా రైలు మార్గములో రామగుండంలో దిగి, బస్సో ఆటోనో ఎక్కండి. ముందు కనబడేవి ఎన్.టి.పి.సి. పొగగొట్టాలు. 1983లో అక్కడ మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది. సింగరేణి బొగ్గుతో అక్కడ పుట్టే కరెంటు దక్షిణాది రాష్ట్రాలకు పోతుంది. ఊరి అంచున గోదావరి. వంతెన దాటితే మంచిర్యాల జిల్లా. నది పేరు, గని పేరు కలిసి మా ఊరి పేరైనవి.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నారు. అక్కడి సింగరేణి గ్రామము పేరుతోనే 1920లో కంపెనీ ఏర్పడింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51, కేంద్రానికి 49 శాతము వాటా ఉన్నది.

ఇవన్నీ చూశాక, షిఫ్టు మారే వేళ రోడ్డు మీద కాసేపు నిలబడండి. మేము గనిని బాయి అంటాము. బాయిలోకి దిగేవారు ల్యాంపు రూములో తలదీపము తీసుకుంటారు. పైకి వచ్చాక తిరిగి అప్పగిస్తారు. ఒక్క దీపము తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట.

2003 జూన్ 16న 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొని వచ్చింది. 17 మంది కార్మికులు తిరిగి రాలేదు. అందుకే బాయికి పోయిన మనిషి గడపలో చెప్పులు విడిచే చప్పుడు వినేదాకా మా ఇళ్లలో ప్రార్థన ఆగదు. రాత్రి షిఫ్టు దిగి, స్నానము చేసి, నిద్ర కళ్లతోనే ఆదివారపు ఆరాధనకు వచ్చే తండ్రులున్నారు. వెనుక బెంచీలో కునుకు తీసినా వారిని ఎవరూ తట్టి లేపరు.

యోబు గ్రంథము 28వ అధ్యాయములో గని త్రవ్వేవారి సంగతి ఉన్నది. మా కార్మికులకు ఆ అధ్యాయము బోధించి చెప్పనక్కరలేదు. భూగర్భములోని చీకటి ఎంతటిదో వారికి తెలుసు. అక్కడ కూడా దేవుని కన్ను తమ మీద ఉన్నదని వారి నమ్మిక.

ప్రియులారా, మా ఊరికి రండి. బట్టలకు దుమ్ము అంటుతుంది, పరవాలేదు. తిరిగి వెళ్లాక, సాయంత్రము మీ ఇంట స్విచ్చి వేసినప్పుడు, ఆ వేళకు బాయిలో ఉన్న మా తమ్ముళ్ల కొరకు ఒక్క మాట ప్రార్థించండి.