మాయింట మంద్రస్థాయి

మా మామగారు యౌవనమున మృదంగము వాయించెడివారు. కచేరీలు చేసినవారు కారు గాని, ఊర శ్రీరామనవమి భజన వారు లేనిదే సాగెడిది కాదు. ఇప్పుడు వారికి 81 సంవత్సరములు. రెండేండ్లనుండి చెవులు మందగించినవి. వయసుచే వచ్చు చెవుడు మొదట తారస్థాయి ధ్వనులను హరించును. స, త, క మున్నగు హల్లుల స్పష్టత యా ధ్వనులయందే యుండుటచే, గొంతు వినబడినను మాట ముద్దయై తోచును. చెవియంత్రము కొనితిమి, అది సొరుగులో నున్నది. ఎవరేమి చెప్పినను వారు చిరునవ్వుతో తలయూచుటయే గాని, తమంతట నొక ప్రశ్న యడుగుట మానివేసిరి.

ఒకనాటి సాయంకాలము మావారు స్టీరియోలో పాల్ఘాట్ మణి అయ్యరుగారి మృదంగము గల కచేరి పెట్టిరి. మామగారు కొంతసేపు విని, "దీనికి ఎడమచేయి లేదురా" యని లేచి వసారాలోనికి పోయిరి.

ఆ మాట మమ్ము వదలలేదు. మృదంగము కుడిమూత సన్నగా పలుకును. ఎడమమూత గంభీరముగా పలుకును. వాయించుటకు ముందు ఎడమమూతకు తడిపిన రవ్వముద్ద నంటింతురని సోదరీమణులలో గొందరెరిగియే యుందురు. ఆ బరువునకు చర్మము మెల్లగా కదలి నాదము మంద్రమగును. సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములు మనుష్యుని చెవికి వినవచ్చునట. అందు క్రిందివానిని పలికించుటకు చాల గాలిని కదలింపవలయును. మా స్పీకర్లు అయిదంగుళములవి. వానికంత సత్తువ లేదు. కుడిమూత నాదమును మామగారి చెవి మ్రింగివేయగా, ఎడమమూత నాదమును మా స్పీకర్లు మ్రింగివేయుచున్నవన్నమాట! ఇక వారికి మిగిలినదేమి?

గాజులకై కూడబెట్టిన సొమ్ముతో సబ్‌వూఫర్ కొందమంటిమి. మావారు వలదనిరి. మేము వినలేదు. దీనిని త్యాగమని యెవ్వరును మెచ్చుకొననక్కరలేదు. మాకు గాజుల మోజు మొదటినుండియు తక్కువే.

పెట్టె వచ్చినది. పదియంగుళముల స్పీకరు, దానికి లోపలనే వేరొక ఆంప్లిఫయరు. మా పాత ఆంప్లిఫయరునకు సబ్‌వూఫర్ తగిలించు రంధ్రము లేదు గనుక దానినిగూడ మార్చవలసినదే యని అంగడివాడనెను. మావారు రాత్రి కూర్చుండి వివరణపుస్తకము చదివి, పెట్టె వెనుక స్పీకరు తీగెలను తగిలించు బిగింపులున్నవని కనుగొనిరి. స్పీకర్లకు పోవు తీగెలు బయలుదేరుచోటినుండియే మరి రెండు జతలను దానికి గొనిపోయిన చాలును. ఎరుపు ఎరుపునకు, నలుపు నలుపునకు. రెంటి ప్లగ్గులును ఊడదీసిన పిమ్మటనే. అన్ని ఆంప్లిఫయర్లకు నిది పనికిరాదు, వివరణపుస్తకము చూడక చేయరాదు.

అసలు కష్టము పిమ్మట వచ్చినది. పెట్టెను మూలనుంచితిమి. వంటింటి గోడకడ ఉరిమినట్లుండెను; స్టాండులోని స్టీలు గిన్నెలు గిలగిల కొట్టుకొనెను; ప్రక్కింటివారు గోడ తట్టిరి. గది నడుమ పడకకుర్చీలో నున్న మామగారికి మాత్రమేమియు వినబడలేదు! మా గది పొడవు 14 అడుగులు. సెకనుకు 40 కంపనముల ధ్వనికి అల పొడవు సుమారు 28 అడుగులు. సగము అల గదిలో సరిగా నిమిడి, గోడలకడ పోగుపడి, నడుమ నించుమించు శూన్యమగును.

దీనికొక ఉపాయము కలదు. కుర్చీని రెండడుగులు వెనుకకు జరిపి, పెట్టెను కుర్చీపై నెక్కించి, పాట పెట్టి, గోడవెంబడి ప్రాకుచు వినవలయును. ఎచ్చట మంద్రము సమముగా వినబడునో అచ్చట పెట్టె నుంచవలయును. మావారికి మోకాళ్లనొప్పి. కొంగు బిగించి మేమే ప్రాకితిమి. ఆ సమయముననే పాలు పోయు ఆమె వచ్చి, గుమ్మమున నిలిచి, ఏమి పోయినదమ్మా యని తానును వెదకసాగినది! కిటికీక్రింద చోటు కుదిరినది. 80 కంపనములకు లోపలి ధ్వని యెటనుండి వచ్చునో చెవి పోల్చుకొనజాలదు గనుక, ఆ గీతకడ మీట నుంచితిమి. ఒక్క పెట్టె చాలినది. ధ్వనిని, వేరొక పెట్టె యున్నదని తెలియనంత వరకు తగ్గించితిమి. రాత్రి తొమ్మిది దాటిన దానిని ఆపివేయుదుమని ప్రక్కింటివారికి మాట యిచ్చితిమి. మంద్రధ్వనికి గోడ యడ్డు కాదు.

ఒకటి చెప్పవలయును. ఈ పెట్టె లేనిదానిని సృష్టింపదు. 1925కు పూర్వము కొమ్ముబూరలో పాడి పట్టిన గ్రామఫోను పాటలలో మంద్రము మిక్కిలి తక్కువ. వానికి దీనివలన లాభము లేదు.

మరునాడు మణి అయ్యరుగారి కచేరియే మరల పెట్టితిమి. మామగారు కన్నులు మూసికొనిరి. తని ఆవర్తనము సగమగునప్పటికి ఎడమ అరచేయి కుర్చీచేతిపై కదలసాగెను. "గుముకి వినబడినదా, అమ్మాయీ?" యనిరి.

మా కంఠము పెగలలేదు. తలయూచితిమి.

మాటలు వారికి నేటికిని వినబడవు. మొన్న మాత్రము అటుకమీది మృదంగము దింపించి, ఇంట రవ్వ యున్నదా యని యడిగిరి. ఉప్మాకు తెచ్చినది యుండెను. తీరా చూడగా ఎడమమూత చినిగియున్నది. క్రొత్తమూత వేయించుటకు మావారు ఆదివారము తీసికొనిపోవుదురు. ప్రక్కింటివారికి ఈ సంగతి యింకను చెప్పలేదు.