మా వృత్తియు, మాక్ యంత్రమును

ఇండ్లకు పటములు వేయు వృత్తిలో నున్న స్త్రీలు మన తెలుగుదేశమున నిప్పుడు పలువురు గలరు. వారిలో మేమును ఇద్దరము. ఒకే కళాశాలలో ఐదేండ్లు చదివి, పెండ్లిండ్లయిన పిదప విజయవాడలో మాలో నొకరి యింటి ముందుగదినే కార్యాలయముగా నేర్పఱచుకొని పనిచేయుచున్నాము. పిల్లలు బడినుండి వచ్చువేళకు ఇంటనే యుందుము. పొయ్యిమీది పాలు పొంగకుండ చూచుకొనుచు మెట్లవరుసను సరిచేయుట మాకు నిత్యకృత్యము. ఇట్టి జీవనమునకు వీలు కల్పించినది కంప్యూటరే. ఆ కంప్యూటరు విషయముననే మాకొక చిక్కు గలదు. వినుటకు శాస్త్రసంబంధమైనదిగా దోచినను, అది సంసారముతోను సంపాదనతోను ముడిపడినదగుటచే సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మేము వాడునది ఆపిల్ కంపెనీవారి మాక్. చప్పుడు లేదు, తెర కంటికి హాయిగా నుండును, చాల యేండ్లు మన్నును. కాని పెద్ద కార్యాలయములలో ఎక్కువచోట్ల నడుగునది రెవిట్ అను సాధనము. అది విండోసు యంత్రములమీద మాత్రమే నడచును. 2000 సంవత్సరమున వెలువడి, 2002లో ఆటోడెస్క్ కంపెనీవారి చేతికి వచ్చిన యీ రెవిట్‌నకు నేటివఱకును మాక్ రూపము లేదు. అది కేవలము గీతలు గీయునది కాదు. ప్లానులో నొక కిటికీని జరిపినచో, ఎలివేషనులోను, సెక్షనులోను, కిటికీల పట్టికలోను ఆ మార్పు దానంతటదియే వచ్చును. పెద్ద కట్టడములకు ఇది యెంత సుఖమో పనిచేసినవారికే తెలియును.

మాలో నొకరి అత్తగారు ఈ మాట విని, "ఇంత ఖరీదు పెట్టి కొన్న యంత్రము ఇల్లు గీయలేదటే, అమ్మాయీ!" అని ఆశ్చర్యపడిరి. "గీయకేమి, అత్తయ్యగారూ! మనము గీసినది ఎదుటివారి యంత్రము చదువుకొనలేదు" అని చెప్పవలసివచ్చెను. ఆమెకు సమాధానము తృప్తికరముగా లేదు. మాకు మాత్రము ఉన్నదా?

వింత యేమనగా, ఈ విద్య తొలిదినములలో ఆపిల్ యంత్రములకు దూరమైనది కాదు. 1982లో హంగరీ దేశమున బుడాపెస్టు నగరమున స్థాపింపబడిన గ్రాఫిసాఫ్ట్ వారి ఆర్కికాడ్ ఆపిల్ యంత్రములమీదనే పెరిగినది. నేడు వెక్టర్‌వర్క్స్ అని పిలువబడునది 1985లో మినికాడ్ అను పేర మాకింటాషు కొఱకే పుట్టినది. ఈ రెండును నేటికిని మాక్‌మీద చక్కగా నడచుచున్నవి. మేము వాడునది ఆర్కికాడే. ఆటోకాడ్ కథ వేఱు. 1982లో వచ్చిన యా సాధనమునకు కొంతకాలము మాక్ రూపముండి, 1990 తరువాతి దశాబ్దమున నిలిచిపోయి, మరల 2010లో వచ్చెను. వచ్చినది గాని, ఆర్కిటెక్టులకై ప్రత్యేకించిన పరికరముల పెట్టె మాత్రము విండోసువారికే దక్కినది. పెద్దకోడలికి పట్టుచీర, చిన్నకోడలికి నూలుచీర పెట్టినట్లున్నది.

తప్పంతయు సాధనములు చేయువారిదే యనుట న్యాయము కాదు. ఆపిల్‌వారు తమ యంత్రపు గుండెకాయను 1994లో నొకమారు, 2006లో నొకమారు, 2020లో నొకమారు మార్చిరి. బొమ్మలు చూపుటకు లోకమంతయు వాడు ఓపెన్‌జీఎల్ పద్ధతిని ఇక విడువుడని 2018లో ప్రకటించిరి. మాటిమాటికి పొయ్యి మార్చు నింట వంటవా డెట్లు నిలుచును? విండోసునే నమ్మి యేండ్ల తరబడి వ్రాసిన రెవిట్‌ను మరల మొదటినుండి వ్రాయుటకు వ్యయమధికము, కొనువారు తక్కువ. వ్యాపారులు లెక్క చూచుకొనిరి. ఆ లెక్కలో మావంటి చిన్నవారు కనబడరు.

2006లో బూట్ క్యాంప్ అను నుపాయము వచ్చిన పిదప, ఇంటెల్ మాక్‌లోనే విండోసును గూడ నెక్కించి రెవిట్ నడుపుకొన వీలయ్యెను. మేమును మా పాత యంత్రమున అట్లే కాలము గడుపుకొంటిమి. 2020లో వచ్చిన క్రొత్త మాక్‌లలో ఆ దారి మూతపడెను. పాతదానిలోని పదవ విండోసునకు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టువారి రక్షణయు ముగిసెను. క్రొత్త మాక్‌మీద ప్యారలల్స్ అను మధ్యవర్తితో రెవిట్ నడుపువారు కొందఱు లేకపోలేదు. కాని ఆటోడెస్క్‌వారు దానికి బాధ్యత వహింపరు. బాధ్యత లేని వంతెనమీద జీతపుబండి తోలుటకు మాకు ధైర్యము చాలలేదు.

మావద్ద పని నేర్చుకొనుచున్న యొక యమ్మాయి పాట్లు ఇంకను కష్టమైనవి. అమెరికాలోని మేనమామ చదువునకై ప్రేమతో పంపిన మాక్ ఆమెకు గలదు. విద్యార్థులకు రెవిట్ ఉచితమే. ఉచితమైన దానిని ఎక్కించుటకు ఆమె యంత్రము పనికిరాలేదు. కళాశాల ప్రయోగశాల సాయంకాలము మూతపడును. వసతిగృహపు తలుపు తొందరగా వేయుదురు. తోడి మగపిల్లలు స్నేహితుల గదులలో రాత్రి పొద్దుపోవువఱకు సాధన చేయుచుండగా, ఈమెకు దొరికినది దినమునకు గంటో, గంటన్నరయో. చదువు ముగిసిన పిదప ఉద్యోగ ప్రకటన యెద్ది చూచినను రెవిట్ రావలెననియే యుండెను. ఆడపిల్లను ఆర్కిటెక్చరులో జేర్పించు తల్లులు, యంత్రము కొనకముందే అక్కడి పాఠములకు వలయు సాధనముల పట్టికను అడిగి తెచ్చుకొనుట మేలు.

ఇంతలో హైదరాబాదులోని యొక పెద్ద కార్యాలయమువారు స్త్రీల వసతిగృహ మొకదాని పనిలో కొంతభాగము మాకిత్తుమనిరి. నియమ మొక్కటే: ఫైళ్లన్నియు రెవిట్‌లో నుండవలెను, అదియు వారు వాడు సంవత్సరపు రూపముననే. ఏలయనగా క్రొత్త రూపమున దాచిన ఫైలును పాతది తెఱవజాలదు. ఆర్కికాడ్‌నుండి ఐఎఫ్‌సీ అను ఉమ్మడి భాషలో పంపుదుమని మేమంటిమి. ఒక అంతస్తు పంపి చూచితిమి. "మేడమ్, మీ గోడలు వచ్చినవి గాని మా చేతికి లొంగుటలేదు" అని వారు ఫోను చేసిరి. నిజమే. ఆ భాషలో పంపినది వండిన కూరవంటిది. రుచి చూడవచ్చును గాని ఉప్పును వెనుకకు తీయలేము.

రెండు దినములు ఆలోచించితిమి. పని మానుకొన్నచో పిల్లల బడిజీతములకు ఇబ్బంది లేదు గాని, ఆ యమ్మాయికి నేర్చుకొను తరుణము పోవును. తుదకు ఒక విండోసు యంత్రమును నెలబాడుగకు తెచ్చితిమి. 2016 మొదలు శాశ్వతముగా క్రొత్త హక్కులమ్ముట మానివేసినందున రెవిట్‌నకును ఏటేట చందా కట్టవలసినదే. ఆ సొమ్ము ఇద్దరము చెరిసగము వేసికొంటిమి. యంత్రము ముందు ఆ యమ్మాయినే కూర్చుండబెట్టితిమి.

వసతిగృహపు రెండవ యంతస్తు ఇప్పుడు దానిమీదనే లేచుచున్నది. విడియిండ్ల పటములు మాత్రము మేము మాక్‌మీదనే వేయుచున్నాము. బాడుగ యంత్రపు ఫ్యాను చప్పుడునకు మధ్యాహ్నము కన్ను మూతపడుట లేదని అత్తగారు చెప్పగా, దానిని వెనుక వసారాలోనికి మార్చితిమి.