తూకానికి రాని బంగారం

నడుముకి పెట్టుకునే బంగారం అనగానే మనకి వడ్డాణం గుర్తుకొస్తుంది. అది ఆడవాళ్ళ సొత్తు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తప్ప బీరువా దాటి బయటికి రాదు. కాని నేను చూసిన నడుము నగలన్నిటిలోకీ నాకు నచ్చింది మాత్రం ఒక మగమహారాజుది. తోలు పటకాకి బిగించే బంగారు బకిలు. లండనులో వుంటున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో చూశాను. అలవాటు కొద్దీ ముందు బరువెంతో కనుక్కున్నాను. 412.7 గ్రాములట! మన లెక్కన 51 కాసులు దాటిందన్నమాట. పొడవు 13.2 సెంటీమీటర్లు, జానెడైనా లేదు.

ఇది ఏడో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో చేసిన వస్తువు. దూరం నుంచి చూస్తే తీగలు అల్లుకున్నట్టు వుంటుంది. నిదానించి చూస్తే ఒక తీగకి కన్ను కనిపిస్తుంది. ఆ కన్ను వెంబడి వెళితే నోరు. ఆ నోట్లో మరో జంతువు ఒళ్ళు. పాములు, మృగాలు, పక్షి తలలు, మొత్తం 13 ప్రాణులు ఒకదాన్నొకటి పెనవేసుకుని వున్నాయి. వాటి ఒంటిమీద సన్నటి గాట్లు తీసి, వెండినీ గంధకాన్నీ కలిపి చేసిన నల్లటి ముద్దని వాటిలో నింపారు. పచ్చటి మేనిమీద ఆ నల్లటి చారలు పడేసరికి ప్రతి జంతువూ విడిగా, కాటుక దిద్దినట్టు కనిపిస్తుంది.

ముందువైపు గుండ్రటి బొడిపెలు మూడున్నాయి. చూసినవాళ్ళు అలంకారమే అనుకుంటారు. కాని అసలు పనితనం వెనకవైపు వుంది. బకిలు లోపలంతా బోలు. వెనక రేకు కీలు మీద తలుపులా తెరుచుకుంటుంది. ఆ తలుపు పడకుండా మూడు జారుడు గడియలు, సరిగ్గా ఆ బొడిపెల వెనకే అమర్చారు. పెట్టుకున్నవాడికి తప్ప ఎదుటివాడికి కనిపించని చోట ఇంత శ్రద్ధ పెట్టాడంటే ఆ కంసాలి ఎంతటివాడో చూడండి.

ఇక అది దొరికిన కథ. ఇంగ్లండు తూర్పు తీరాన సఫోక్ జిల్లాలో సటన్ హూ అనే చోట, ఎడిత్ ప్రెట్టీ అనే వితంతువు పొలంలో పాత మట్టిదిబ్బలు వుండేవి. వాటిలో ఏముందో చూడమని ఆవిడ బేసిల్ బ్రౌన్ అనే ఆయన్ని పెట్టుకుంది. ఆయన పన్నెండో ఏట బడి మానేసి, సొంతంగా చదువుకుని తవ్వకాలు నేర్చినవాడు. 1939 వేసవిలో పెద్ద దిబ్బ తవ్వుతుంటే వరసగా ఇనపమేకులు బయటపడ్డాయి. కర్ర ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది గాని 27 మీటర్ల ఓడ అచ్చు మాత్రం ఇసకలో నిలిచి వుంది! ఓడలో రాజుని పెట్టి, సొత్తుతో సహా పూడ్చేశారన్నమాట. ఆయన రెడ్‌వాల్డ్ అనే రాజు కావచ్చునని చాలామంది పండితుల ఊహ. కొన్ని శతాబ్దాల క్రితం దొంగలు కూడా ఈ దిబ్బ తవ్వారు. వాళ్ళు తవ్విన చోటు తప్పింది. లేకపోతే ఈ 13 ప్రాణులూ ఒక్కరాత్రిలో మూసలో కరిగిపోయి వుండేవి.

మరి ఈ సొత్తు ఎవరిది? అప్పటి చట్టం ప్రకారం, తిరిగి తీసుకుందామని దాచిన బంగారమైతే ప్రభుత్వానిది. తిరిగి తీసుకునే ఉద్దేశం లేకుండా పూడ్చిందైతే భూమి గలవాళ్ళది. 1939 ఆగస్టు 14న ఊళ్ళోనే విచారణ జరిగింది. ఓడనే గుట్టమీదికి లాక్కొచ్చి పూడ్చారంటే అది పదిమందీ చూస్తుండగా జరిగిన అంత్యక్రియే గాని రహస్యంగా దాచుకోవడం కాదని తేల్చి, జ్యూరీ సొత్తంతా ప్రెట్టీగారిదే అంది. ఆవిడ కొద్దిరోజులకే అదంతా దేశానికి దానంగా ఇచ్చేసింది. సెప్టెంబరు 3న ఇంగ్లండు యుద్ధంలోకి దిగింది. ఆ నిధి మళ్ళీ భూమిలోకే, లండను సొరంగ రైలు దారిలోకి వెళ్ళి తలదాచుకుంది. దాన్ని మ్యూజియంలో కొలువు తీర్చింది చూడకుండానే 1942లో ఆవిడ కన్నుమూసింది.

ఇంత వివరంగా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసు కనకనే ఆ బకిలుకి అంత విలువ. ఏ దిబ్బలో, ఏ ఓడలో, ఏ నాణేల పక్కన దొరికిందో అన్నీ కాగితం మీద వున్నాయి. తెలియనిది ఒక్కటే, చేసినవాడి పేరు.

మా ఇంట్లో సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. మా ఆడపడుచు కూతురి పెళ్ళి కుదిరింది. మా అత్తగారి తల్లిగారి వడ్డాణం కరిగించి కొత్త ఫాషను హారం చేయిద్దామన్నారు. దుకాణంలో ఆచారిగారు దాన్ని తూకం వేసి, తరుగు తీసి, మాటీలకింద మరికాస్త తగ్గించి, ఒక అంకె చెప్పారు. మా అత్తగారు అంతా విని, "చేసిన చేతికి ఎంత కట్టారండీ?" అనడిగారు.

ఆయన నవ్వి, "చేతికి తూకం లేదమ్మా" అన్నారు.

నిజమే. అలాగని కరిగించడం మహాపాపమనీ అనలేను. ఆ కాలపు ఇంగ్లండులో బంగారం చాలామట్టుకు పరదేశపు నాణేలు కరిగించి సంపాదించుకున్నదే. ఎవరిదో సొమ్ము కరిగితేనే గాని ఆ బకిలూ పుట్టలేదు. బంగారానికి ఎన్ని జన్మలైనా వున్నాయి. ఏ జన్మలోనూ వెనకటి జన్మ గుర్తుండదు. గుర్తుపెట్టుకోవలసింది మనం.

ఆ రాత్రి మా అత్తగారిని కూచోబెట్టి అడిగాను. వడ్డాణం చేసినవారి పేరు, ఊరు, నడుము కొలత తీసుకోవడానికి ఆయన తెచ్చిన నూలుతాడు, మధ్య బిళ్ళలో రెండు చిలకల మధ్య మామిడిపిందె పెట్టమని వాళ్ళమ్మగారు పట్టుపట్టిన సంగతి, అన్నీ చెప్పారు. ఎనభయ్యేళ్ళ మనిషి, ఒక్కచోట తడుముకోలేదు. ఇన్నేళ్ళలో మేమెవరం అడిగిన పాపాన పోలేదు! పెళ్ళికూతురు కూడా పక్కనే కూచుని విన్నది. "అమ్మమ్మా, చిలకల బిళ్ళ కరిగించొద్దు. నాకు అలాగే కావాలి" అంది.

బిళ్ళ అలాగే వుంచి, మిగతా పట్టీ కరిగించి గొలుసు చేయించారు. పెట్టెలో గులాబీ కాగితం కింద ఒక చీటీ పెట్టాను. ఎవరు చేశారు, ఎవరికి, ఏ ఊళ్ళో, తరవాత ఎవరికి వచ్చిందీ అందులో రాసి వుంది. మీ బీరువాల్లోనూ అలాంటి నగ ఒకటి వుండే వుంటుంది. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో వుండగానే ఒక చీటీ రాసిపెట్టండి. కాణీ ఖర్చు లేదు.