చెవికి తెలిసిన వ్యాకరణం

ఇంగ్లీషు మాతృభాషగా పుట్టిపెరిగినవాళ్లు తరచుగా రాసే తప్పొకటి ఉంది. మన పిల్లలు దాన్ని దాదాపుగా చెయ్యరు. 'షుడ్ హ్యావ్' అని రాయాల్సినచోట వాళ్లు రెండో మాటను ఓ, ఎఫ్ అక్షరాలతో 'షుడ్ ఆఫ్' అని రాస్తారు. అర్థం చూస్తే ఆ మాటకు అక్కడ చోటే లేదు. కానీ మాట్లాడేటప్పుడు 'హ్యావ్'లోని హకారం జారిపోయి 'షుడవ్' మిగులుతుంది. ఓ, ఎఫ్ మాటను కూడా వాళ్లు 'అవ్' అనే పలుకుతారు. చెవికి రెండూ ఒకటే. మహాకవి కీట్స్ కూడా 1819లో రాసిన ఒక ఉత్తరంలో ఇలాగే రాశాడు.

భాషను ముందు చెవితో నేర్చుకున్నవాళ్లే ఈ తప్పు చెయ్యగలరు. మనం ఇంగ్లీషును కంటితో నేర్చుకున్నాం. అందుకే మన రాతలో 'హ్యావ్' చెక్కుచెదరదు. మన ఇబ్బందంతా వినడంలోనే.

'గోయింగ్ టు' నోటిలో 'గొన్నా' అవుతుంది, 'వాంట్ టు' 'వాన్నా' అవుతుంది. ఇదంతా నోటి బద్ధకమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 'ఐయామ్ గొన్నా ఈట్' అంటారు గానీ, హైదరాబాదుకు వెళ్తున్నానని చెప్పడానికి 'ఐయామ్ గొన్నా హైదరాబాద్' అని ఎవరూ అనరు. జరగబోయే పనిని చెప్పే 'గోయింగ్ టు' మాత్రమే కుదించుకుంటుంది. ఊరికి వెళ్లడం చెప్పేది కుదించుకోదు. 'వాన్నా' సంగతి ఇంకా సూక్ష్మం. నువ్వు ఎవర్ని పిలవాలనుకుంటున్నావు అని అడగడానికి 'హూ డు యూ వాన్నా ఇన్వైట్' అనొచ్చు. ఎవరు గెలవాలని నీకుంది అని అడగాలంటే మాత్రం చాలామంది నోట 'వాంట్ టు విన్' అనే వస్తుంది. పిలిచేది నువ్వే, గెలిచేది మాత్రం వేరే మనిషి. ఆ వేరే కర్త ఉండాల్సిన చోటు మధ్యలో ఉంది కాబట్టి రెండు మాటలూ అతుక్కోవు. ఏ బళ్లోనూ చెప్పని ఈ నియమం అక్కడి పిల్లలకు మాటలతో పాటే వచ్చేస్తుంది. భాషాశాస్త్రవేత్తలు దీని మీద దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. బద్ధకానికి ఇంత కట్టుబాటు ఉంటుందా?

'నా దగ్గర ఉంది' అనే 'హ్యావ్'లో వకారం స్పష్టంగా ఉంటుంది. 'చెయ్యక తప్పదు' అనే అర్థంలో అదే 'హ్యాఫ్టు' అవుతుంది. రాతలో ఈ తేడా కనిపించదు. కాక్స్టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత క్రమంగా గట్టిపడింది, నోరు తన దారిన తాను నడిచింది. ఇలాంటి కుదింపుల మీద జొనాథన్ స్విఫ్ట్ 1710లోనే 'టాట్లర్' పత్రికలో విరుచుకుపడ్డాడు. అయినా 'కాంట్', 'డిడింట్' ఇవాళ అందరి నోటా ఉన్నాయి, పుస్తకాల్లోనూ ఉన్నాయి.

మనం ఇంకో దారిన వచ్చాం. 'చేయుచున్నాను' నోట్లో 'చేస్తున్నాను' అయితే, గిడుగు రామమూర్తి వంటివాళ్లు పోరాడి రాతనే మాట దగ్గరికి తెచ్చారు. వాడుకకు వ్యాకరణం ఉందని మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఎరుకను పక్కన పెట్టేస్తున్నాం.

దానివల్ల నష్టం ఉంది. అమెరికాలో 'రాగలను' అనేటప్పుడు 'క్యాన్' ఊత లేకుండా 'కన్' అని సాగిపోతుంది. 'రాలేను' అనేటప్పుడు ఊత పడుతుంది, చివరి టకారం మాత్రం తరచుగా వినీ వినబడనట్టు ఉంటుంది. మనవాడు అక్కడికి వెళ్లి, పుస్తకంలో చూసినట్టే 'ఐ క్యాన్ కమ్' అని ప్రతి మాటనూ నొక్కి పలుకుతాడు. ఎదుటివాళ్లకు అది 'రాలేను' అన్నట్టు వినిపించవచ్చు. వ్యాకరణం ఒప్పే, ఉచ్చారణా స్పష్టమే, అర్థం మాత్రం తలకిందులు. 'రెండు నెలలుగా ఇక్కడే ఉన్నాను' అని వాళ్లు చెప్పేటప్పుడు 'ఐ హ్యావ్' కాస్తా 'ఐవ్' అయి, ఆ చివరి వకారమూ మన చెవిన పడక, కాలమే మారిపోతుంది.

ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఒక్కటే. పరీక్షలో 'షుడ్ హ్యావ్' అనే రాయించండి. క్లాసులో మాత్రం 'షుడవ్' వినిపించండి, పిల్లల చేత పలికించండి.