కూర్చోకూడని ఉద్యోగం

బట్టల షోరూములో సోఫాలు ఎవరికోసమో మీరు గమనించారా? చీరలు చూడ్డానికి వచ్చినవాళ్ళకి, వాళ్ళ వెంట వచ్చి విసుగెత్తిన మొగుళ్ళకి. క్యాష్ కౌంటర్లో ఒక స్టూలు ఉంటుంది. కౌంటర్ల వెనక నిలబడి చీరలు విప్పి చూపించే అమ్మాయిలకి మాత్రం ఏమీ ఉండదు. కూకట్‌పల్లి వైపు అలాంటి ఒక షోరూములో రెండేళ్ళు ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా చేశాను. నా కింద పద్దెనిమిది మంది. వాళ్ళు కూర్చోకుండా చూడటం నా ఉద్యోగంలో భాగం.

మా నాన్న ఊళ్ళో "మా పిల్ల మేనేజరు" అని చెప్పుకునేవాడు. కాదు. సేల్స్ అమ్మాయిలకంటే నాకొచ్చేది నాలుగు వేలు ఎక్కువ, పడే తిట్లు పద్దెనిమిది రెట్లు ఎక్కువ. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో నిన్నటి సేల్ పడుతుంది, పక్కనే టార్గెట్. ఎన్ని తలకాయలు లోపలికొచ్చాయి, ఎన్ని బిల్లులయ్యాయి, ఒక్కో బిల్లు సగటున ఎంత. వానొచ్చి రోడ్డు మునిగిన రోజు కూడా "వాకిన్స్ ఎందుకు తగ్గాయి?" అని నన్నే అడిగేవాళ్ళు. స్టాకులో చీర తగ్గితే దాని ఖరీదు ఆ సెక్షన్ వాళ్ళ జీతాల్లోంచి తలా ఇంత కోసేవాళ్ళు. ఆ సంగతి వాళ్ళకి చెప్పాల్సింది నేను.

అన్నిటికంటే ఆషాఢం భయం. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి ఒకప్పుడు షాపులు ఈగలు తోలుకునేవట. ఇప్పుడు డిస్కౌంట్ల పుణ్యమా అని అదే జాతర. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడని నెల అంటారు గానీ, షోరూము గడపకి ఆ పట్టింపు ఉన్నట్టు లేదు. ఒకామె అరవై చీరలు విప్పించి, "మళ్ళీ వస్తాంలే" అని వెళ్ళిపోతుంది. ఆ అరవై మళ్ళీ మడతపెట్టాలి. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించినా, మడతలయ్యేసరికి పదకొండు. 1988 నాటి షాపుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంటుంది. మా రిజిస్టరు కూడా అలాగే అనేది. సంతకాలు పక్కాగా ఉండేవి.

ఆ ఆషాఢంలోనే హెడ్డాఫీసు నుంచి 'ఎంప్లాయీ శాటిస్‌ఫాక్షన్ సర్వే' లింకు వచ్చింది. పన్నెండు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు నవ్వుముఖాలు. వివరాలు గోప్యం అని పైన రాసుంది, మొదటి గడిలో ఎంప్లాయీ నంబరు వెయ్యమంది. మీ సూపర్‌వైజర్ మీ సమస్యలు వింటారా అని ఒక ప్రశ్న. కుర్చీ గురించి, కోతల గురించి, పండగొస్తే ఎగిరిపోయే వీక్లీ ఆఫ్ గురించి ఒక్కటీ లేదు.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి లంచ్‌లో డబ్బా మూత తీస్తూ చెప్పింది: "అక్కా, మేం తక్కువేస్తే నీ ఇంక్రిమెంట్ పోతదంట గదా. అందరం ఐదే ఏసినం."

మా ఫ్లోరు రిజల్టు మొత్తం చైన్‌లోనే బాగా వచ్చింది. మీటింగులో చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు నామీద జాలిపడి వేసిన మార్కులని సంతృప్తి అని స్లైడు మీద పెట్టి చూపిస్తున్నారు.

కేరళ సంగతి నాకు తెలిసింది ఆ రోజుల్లోనే. కోళికోడ్ మిఠాయి వీధిలో షాపుల ఆడవాళ్ళు బాత్రూముల కోసం మొదలుపెట్టి, కూర్చునే హక్కు దాకా పోరాడారు. వాళ్ళని కూడగట్టిన విజి కూడా టైలరే. 2018లో అక్కడ షాపుల చట్టాన్నే సవరించారు. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. చెన్నై రంగనాథన్ వీధి షాపుల మీద తీసిన 'అంగాడి తెరు' మనకి 'షాపింగ్ మాల్' పేరుతో డబ్బింగయ్యి వచ్చిందే, అది చూసి ఏడ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. షాపుకెళ్ళినప్పుడు అరవయ్యో చీర విప్పమనేవాళ్ళలో వాళ్ళూ ఉంటారు.

నాలుగు స్టూళ్ళు కావాలని మేనేజరుని అడిగాను. "కూర్చుంటే కస్టమర్‌కి బద్ధకంగా కనపడతారమ్మా" అన్నాడు. చెడ్డవాడేం కాదు, ఆయన అన్నం తినేది సాయంత్రం నాలుగింటికి, అదీ ఫోన్ చెవికి ఆనించుకునే. మెయిల్ పెడితే హెడ్డాఫీసు నుంచి "నోటెడ్" అని ఒక్క ముక్క వచ్చింది.

దాంతో ట్రయల్ రూముల వెనక, కెమెరా అందని చోట రెండు బేళ్ళు జరిపించాను. ఒక కాగితం మీద పద్దెనిమిది పేర్లు, మనిషికి పది నిమిషాలు, పూటకొకసారి. మేనేజరుకి చెప్పే చేశాను. "నువ్వు చెప్పలేదు, నేను వినలేదు" అన్నాడు. ఆ నెల సేల్ ఏమీ పడిపోలేదు. దసరా ముందు ఏరియా మేనేజరు వచ్చి ఆ బేళ్ళు గోడౌనుకి పంపించేశాడు. సంక్రాంతి దాకా ఉండి నేను మానేశాను.

మొన్న ఆ నల్గొండ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు ఆ ఫ్లోరుకి తనే సూపర్‌వైజర్. "అక్కా, గా పది నిమిషాల లిస్టు ఎట్ల ఏసినవే? ఇద్దరు ఒక్కపాలే పోకుండ?" అని అడిగింది. సెక్షన్ల వారీగా రాసి, ఫొటో తీసి పంపాను. ఇప్పుడు ఫ్లోర్లో ఇరవైమూడు మంది ఉన్నారట, కింద ఐదు పేర్లకి ఖాళీ వదిలాను.